వాతావరణ రేడియో తేటగా వినిపించాలంటే: సాఫ్ట్‌వేర్ రిసీవర్‌లో ఏ సెట్టింగ్ ఏం చేస్తుంది

అమెరికాలో 24 గంటలూ వాతావరణ సమాచారం చెప్పే రేడియో ఒకటి ఉంది. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవాలో భాగమైన నేషనల్ వెదర్ సర్వీస్ నడిపే ఈ నోవా వెదర్ రేడియోకు దేశమంతటా 1000కి పైగా ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయి. ఇవన్నీ కలిసి వాడుకునేది 7 ఫ్రీక్వెన్సీలనే. అవి 162.400 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 25 కిలోహెర్ట్జ్ ఎడంతో 162.550 దాకా వరుసగా ఉంటాయి. మామూలు ఎఫ్ఎం రేడియో 108 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి దాంట్లో ఇవి పట్టవు. వీటికోసమే తయారైన చిన్న రిసీవర్లు ఉన్నాయి. వాటిలో మీట నొక్కితే గొంతు వచ్చేస్తుంది, సర్దుకోవాల్సింది దాదాపు ఏమీ ఉండదు.

అదే ప్రసారాన్ని యూఎస్‌బీ డాంగిల్‌తో (కంప్యూటర్‌కు గుచ్చే చిన్న రిసీవర్‌తో), కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్‌తో వినబోతే మాత్రం తరచూ ఒక వింత ఎదురవుతుంది. తెర మీద సిగ్నల్ గీత నిటారుగా, బలంగా కనిపిస్తుంది. స్పీకర్‌లో మాత్రం గొంతు గరగరలాడుతుంది, లేదా మాట మాటకీ పగులుతుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని గెయిన్‌ను, అంటే లోపలికొచ్చే సిగ్నల్‌ను పెంచే మీటను, చివరిదాకా తోసేయడం. చాలాసార్లు దానివల్ల పరిస్థితి ఇంకా చెడుతుంది.

ప్రత్యేక రిసీవర్‌లో ఫిల్టర్ ఎంత వెడల్పు ఉండాలి, గొంతులో ఏ భాగాన్ని ఎంత తగ్గించాలి లాంటి నిర్ణయాలన్నీ దాన్ని తయారుచేసినవాళ్లు ముందే తీసేసుకున్నారు. సాఫ్ట్‌వేర్ రేడియోలో ఆ నిర్ణయాలు వినేవాళ్ల మీద పడతాయి. ప్రోగ్రామ్ తెరవగానే కనిపించే విలువలు ఈ ప్రసారాన్ని దృష్టిలో పెట్టుకుని వేసినవి కావు. పైగా ఈ సెట్టింగులన్నీ ఒకే చోట పనిచేయవు. సిగ్నల్ ముందు యాంటెన్నాలోకి, అక్కడినుంచి కావాల్సిన ఫ్రీక్వెన్సీని ఎంచుకునే ట్యూనర్‌లోకి, తర్వాత దాన్ని అంకెలుగా మార్చే చిప్‌లోకి వెళ్తుంది. ఆ తర్వాతే ఫిల్టర్, మాటను విడదీసే దశ, చివరగా ఆడియో. ముందు దశలో పాడైన దాన్ని వెనక దశలో బాగుచేయడం కుదరదు. ఏ గరగర ఏ దశలో పుట్టిందో పోల్చుకోగలిగితే ఏ మీట తిప్పాలో దానంతటదే తెలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఫిల్టర్ వెడల్పు. ఈ ప్రసారం నారో ఎఫ్ఎం, అంటే తక్కువ వెడల్పు వాడే ఎఫ్ఎం పద్ధతిలో వస్తుంది. మాట గట్టిగా పలికినప్పుడు దాన్ని మోసుకొచ్చే తరంగం, అంటే క్యారియర్, తన చోటు నుంచి అటూ ఇటూ 5 కిలోహెర్ట్జ్ దాకా జరుగుతుంది. మాటలో ఉండే పై పౌనఃపున్యం సుమారు 3 కిలోహెర్ట్జ్ అనుకుంటే, ఈ రెండూ కలిపి రెట్టింపు చేస్తే 16 వస్తుంది. కార్సన్ సూత్రం చెప్పే లెక్క ఇదే. అంటే ఈ ప్రసారం పూర్తిగా పట్టాలంటే ఫిల్టర్ సుమారు 16 కిలోహెర్ట్జ్ ఉండాలి. నారో ఎఫ్ఎం అని నొక్కగానే చాలా ప్రోగ్రామ్‌లు 8, 10 లేదా 12.5 కిలోహెర్ట్జ్ దగ్గర నిలబడతాయి. అవి ఇంకా ఇరుకైన వాకీటాకీ చానళ్లకు సరిపోయే విలువలు.

8 కిలోహెర్ట్జ్ ఫిల్టర్‌లో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే ఆ పగుళ్ల కారణం బయటపడుతుంది. ఫిల్టర్ మధ్య నుంచి అటు 4, ఇటు 4 కిలోహెర్ట్జ్ వరకే దారి ఇస్తుంది. గొంతు మెల్లగా పలికినంతసేపూ క్యారియర్ ఆ హద్దులోనే తిరుగుతుంది కాబట్టి అంతా బాగానే వినిపిస్తుంది. ఒక అక్షరం గట్టిగా పడగానే క్యారియర్ 5 దాకా వెళ్లి ఫిల్టర్ గోడ దాటుతుంది. ఆ క్షణంలో ఫిల్టర్ లోపల సిగ్నల్ సన్నబడిపోతుంది, మాటను విడదీసే డీమాడ్యులేటర్‌కు దొరికేది చాలావరకు నాయిసే. అదే చెవికి చిటపటలా తగులుతుంది. అందుకే పగుళ్లు మాటల మధ్య ఖాళీల్లో రావు, గట్టి అక్షరాల మీదే వస్తాయి. ఈ ఒక్క లక్షణం చాలు: సిగ్నల్ బలహీనంగా ఉంటే బుస అన్ని వేళలా ఉంటుంది, ఫిల్టర్ ఇరుకైతే గొంతు లేచినప్పుడే పగులుతుంది. వెడల్పును 15, 16 కిలోహెర్ట్జ్ దాకా లాగితే రెండో జబ్బు వెంటనే తగ్గుతుంది.

ఇంకా వెడల్పు చేస్తే ఇంకా బాగుంటుందా అంటే, ఉండదు. 30 కిలోహెర్ట్జ్ పెడితే మాటలో కొత్తగా చేరేదేమీ లేదు, నాయిస్ మాత్రం దాదాపు రెట్టింపు లోపలికొస్తుంది. పక్క చానల్ 25 కిలోహెర్ట్జ్ దూరంలోనే ఉంది కాబట్టి దాని అంచు కూడా తగలొచ్చు. ఇక వైడ్ ఎఫ్ఎం మోడ్‌లో వినడమైతే పూర్తిగా దారి తప్పడమే. అది పాటల స్టేషన్ల కోసం, 75 కిలోహెర్ట్జ్ కదలికను లెక్కలో పెట్టుకుని చేసినది. 5 కిలోహెర్ట్జ్ కదిలే గొంతు అందులో 15వ వంతు ఎత్తులోనే వస్తుంది. 200 కిలోహెర్ట్జ్ కిటికీ తెరిస్తే 7 వెదర్ చానళ్లలో చాలావరకు ఒకేసారి అందులో పడతాయి కూడా. గొంతు ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు ఉందని వాల్యూమ్ పెంచేవాళ్లు ముందు మోడ్ పేరు చూసుకోవాలి.

ఫిల్టర్ సరిగ్గా ఉన్నా అది క్యారియర్ మీద మధ్యగా కూర్చోకపోతే ఫలితం ఉండదు. డాంగిల్‌లోని క్రిస్టల్ చెప్పే ఫ్రీక్వెన్సీ నూటికి నూరుపాళ్లు నిజం కాదు. ఆ తేడాను పీపీఎంలో, అంటే పది లక్షలకు ఎన్ని వంతులు అన్న లెక్కలో చెబుతారు. 162.55 మెగాహెర్ట్జ్ దగ్గర 1 పీపీఎం అంటే 162.55 హెర్ట్జ్. మామూలు క్రిస్టల్ ఉన్న డాంగిల్‌లో 40, 50 పీపీఎం తేడా అరుదేమీ కాదు. ఉష్ణోగ్రతకు తట్టుకునే టీసీఎక్స్ఓ రకం క్రిస్టల్ ఉన్న వాటిలో అది 1 పీపీఎం చుట్టుపక్కలే ఉంటుంది.

దీన్ని సరిచేయడానికి వేరే పరికరం అక్కర్లేదు, వెదర్ స్టేషనే కొలబద్దగా పనికొస్తుంది. ప్రసారంలో ఒక ప్రకటనకూ మరో ప్రకటనకూ మధ్య గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు క్యారియర్ వాటర్‌ఫాల్‌లో (సిగ్నళ్లు జారుతూ కనిపించే తెర బొమ్మలో) సన్నని గీతగా మిగులుతుంది. తెరను బాగా జూమ్ చేసి ఆ గీత ఏ అంకె మీద పడుతోందో చూడాలి. 162.550 మీద ఉండాల్సింది 162.5565 మీద కనిపిస్తే తేడా 6,500 హెర్ట్జ్. దాన్ని 162.55తో భాగిస్తే 40 వస్తుంది, అంటే దిద్దాల్సింది 40 పీపీఎం. అది ప్లస్‌లో వేయాలా మైనస్‌లో వేయాలా అన్నది ప్రోగ్రామ్‌ను బట్టి మారుతుంది. ఒకటి వేసి చూస్తే గీత దగ్గరికొస్తుందో దూరం పోతుందో వెంటనే తెలుస్తుంది. అప్పుడే గుచ్చిన డాంగిల్ మీద ఈ పని చేస్తే మాత్రం శ్రమ వృథా. వేడెక్కేకొద్దీ క్రిస్టల్ జరుగుతూ ఉంటుంది. కాసేపు నడవనిచ్చి, గీత ఒకచోట నిలబడ్డాక దిద్దుకోవాలి.

ఇక గెయిన్. ఇది అసలు చిక్కుముడి, ఎందుకంటే ఎక్కువైతే మంచిదన్న నమ్మకం ఇక్కడే ఎక్కువ దెబ్బతీస్తుంది. బాగా వాడుకలో ఉన్న ఆర్‌టీఎల్ డాంగిళ్లు అసలు డిజిటల్ టీవీ చూడటానికి తయారైనవి. వాటిలోని చిప్‌తో ఏ సిగ్నల్‌నైనా నేరుగా అంకెల రూపంలో తీసుకోవచ్చని 2012లో వెలుగులోకి వచ్చాక ఇవి రేడియో అభిరుచి ఉన్నవాళ్ల చేతుల్లో పడ్డాయి. ఆ చిప్ సిగ్నల్‌ను 8 బిట్లలో, అంటే 256 మెట్లలో కొలుస్తుంది. అతి బలమైన సిగ్నల్‌కూ అతి బలహీనమైన దానికీ మధ్య అది పట్టగలిగే ఎడం సుమారు 50 డెసిబెళ్లు. తర్వాత ఫిల్టర్ చేసేటప్పుడు ఇంకొంత కలిసొస్తుంది నిజమే. సెకనుకు 24 లక్షల శాంపిళ్ల (సిగ్నల్ కొలతల) నుంచి 16 కిలోహెర్ట్జ్ ముక్కను తీసుకుంటే మిగతా వెడల్పులోని నాయిస్ బయటే ఉండిపోతుంది, దాంతో 20 డెసిబెళ్లకు పైగా లాభం. కానీ లోపలికి వచ్చేటప్పుడే నిండిపోయి అంచులు తెగిన సిగ్నల్‌కు ఆ లాభం పనికిరాదు.

పైగా ట్యూనర్ ముందు భాగంలోకి వచ్చేది వెదర్ సిగ్నల్ ఒక్కటే కాదు. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు ఎఫ్ఎం స్టేషన్లున్నాయి. 152 నుంచి 159 మధ్యలో పేజర్ ప్రసారాలున్నాయి. తీరప్రాంతాల్లో ఓడలు తమ స్థానం చెబుతూ పంపే ఏఐఎస్ ప్యాకెట్లు సరిగ్గా పక్కనే, 161.975, 162.025 మీద వస్తాయి. దగ్గర్లో బలమైన ఎఫ్ఎం టవర్ ఉంటే, గెయిన్ గరిష్ఠంగా పెట్టినప్పుడు ట్యూనర్ ఆ బలాన్ని మోయలేక లేని సిగ్నళ్లను తనే పుట్టిస్తుంది. వెదర్ బ్యాండ్ మధ్యలో హఠాత్తుగా పాట ముక్క వినిపిస్తే అది ఇదే. నాయిస్ ఫ్లోర్, అంటే సిగ్నల్ లేని చోట ఉండే నాయిస్ మట్టం, మొత్తం పైకి లేచి వెదర్ గీతను సగం మింగేయడం ఇంకో లక్షణం.

ఏది నిజం సిగ్నల్, ఏది ట్యూనర్ పుట్టించిన భ్రమ అని తేల్చే సులువైన పరీక్ష ఒకటి ఉంది. గెయిన్‌ను 3 డెసిబెళ్లు తగ్గించాలి. నిజమైన సిగ్నల్ కూడా 3 డెసిబెళ్లే తగ్గుతుంది. బలమైన స్టేషన్లు ఒకదాంతో ఒకటి కలిసి పుట్టించిన మూడో తరగతి భ్రమ సుమారు 9 తగ్గుతుంది, అంటే ఉన్నట్టుండి కుప్పకూలుతుంది. ఆర్820టీ2 ట్యూనర్ ఉన్న డాంగిల్‌లో గెయిన్ 0 నుంచి 49.6 దాకా మెట్లు మెట్లుగా ఉంటుంది. 49.6 నుంచి దిగుతూ 40.2, 36.4, 32.8 దగ్గర ఆగి చూస్తే, చాలా ఊళ్లలో ఈ మెట్ల మధ్యలో ఎక్కడో నాయిస్ గబుక్కున కిందికి జారి వెదర్ గీత ఒంటరిగా నిలబడుతుంది. మంచి మెట్టు ఎక్కడ పడుతుందో ఆ చోటును బట్టి, యాంటెన్నాను బట్టి మారుతుంది. వేరేవాళ్లు చెప్పిన అంకె కాపీ కొట్టడం వల్ల ఉపయోగం లేదు.

మరీ తగ్గించినా నష్టమే, అప్పుడు రిసీవర్ సొంత నాయిస్ పైచేయి అవుతుంది. దాన్ని పట్టుకోవడానికి యాంటెన్నా తీసి చూడాలి. తీయగానే నాయిస్ ఫ్లోర్ కొద్దిగా పడితే, వినిపిస్తున్న నాయిస్ బయటినుంచి వస్తున్నదే, గెయిన్ చాలు. యాంటెన్నా ఉన్నా తీసినా ఒకేలా ఉంటే ఒకటి రెండు మెట్లు పైకి వెళ్లొచ్చు. ఆ పైన ప్రతి మెట్టుకూ సిగ్నల్, నాయిస్ సమానంగా లేస్తుంటే ఇక పెంచి లాభం లేదు. చూడాల్సింది సిగ్నల్ ఎంత ఎత్తుందని కాదు, నాయిస్ మీద ఎంత లేచి ఉందని.

ఆటోమేటిక్ గెయిన్‌కు (ఏజీసీకి) ఈ పని వదిలేయడం తేలికే, కానీ అది వెదర్ చానల్‌ను చూసి నిర్ణయం తీసుకోదు. లోపలికొచ్చే మొత్తం శక్తిని చూస్తుంది. పక్కన పేజర్ ఒకటి మోగితే దానికి తగ్గట్టు గెయిన్ దించేస్తుంది, బలహీనంగా వస్తున్న గొంతు ఆ కాసేపు బుసలో మునుగుతుంది. ట్యూనర్ ఏజీసీ, ఆర్‌టీఎల్ ఏజీసీ అని రెండు పెట్టెలు కనిపిస్తే రెండిటికీ టిక్ తీసేసి చేత్తో సర్దుకోవడమే మేలు. తగ్గించినా ఎఫ్ఎం స్టేషన్ల బెడద తీరకపోతే, ఆ బ్యాండ్‌ను ఆపే నాచ్ ఫిల్టర్ ఒకటి యాంటెన్నాకూ డాంగిల్‌కూ మధ్య పెడితే పని అవుతుంది. ముందే ఓవర్‌లోడ్ అవుతున్న చోట యాంప్లిఫైయర్ తగిలించడం మాత్రం నిప్పులో నెయ్యి పోయడమే. అది పొడవాటి కేబుల్‌లో సిగ్నల్ కరిగిపోతున్నప్పుడు, యాంటెన్నా మొదట్లో పెట్టాల్సిన వస్తువు.

శాంపిల్ రేట్ గురించి ఎక్కువ ఆలోచించాల్సిన పని లేదు. 7 చానళ్లూ కలిపి 150 కిలోహెర్ట్జ్ వెడల్పులో ఇమిడిపోతాయి, కాబట్టి సెకనుకు 10 లక్షల శాంపిళ్లు ధారాళంగా సరిపోతాయి. గరిష్ఠం 32 లక్షల దగ్గర పెడితే యూఎస్‌బీ దారిలో శాంపిళ్లు రాలిపోయి ఆడియో తెగి తెగి వస్తుంది. సిగ్నల్ బలహీనమని దాన్ని పొరబడే వాళ్లున్నారు. కొన్ని పరికరాల్లో తెర నడిమధ్య ఒక దొంగ గీత ఎప్పుడూ నిలిచి ఉంటుంది. అలాంటప్పుడు కేంద్రాన్ని 162.3 దగ్గర పెట్టి, వినే గుర్తును మాత్రం 162.55కి జరిపితే సరి.

తెర సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. వాటర్‌ఫాల్ రంగులు, కాంట్రాస్ట్, ఎఫ్ఎఫ్‌టీ సైజు (తెర మీద ఫ్రీక్వెన్సీని ఎన్ని గడులుగా విడగొట్టాలన్న అంకె) లాంటివి ఎంత మార్చినా చెవికి చేరే శబ్దంలో తేడా రాదు. ఎఫ్ఎఫ్‌టీ సైజు పెంచితే నాయిస్ ఫ్లోర్ కిందికి దిగినట్టు కనిపిస్తుంది, సిగ్నల్ మెరుగైందనిపిస్తుంది. నిజానికి ఒక్కో గడి ఇరుకై అందులో పడే నాయిస్ తగ్గిందంతే. బొమ్మ అందంగా వచ్చేదాకా స్లయిడర్లు జరిపి, గొంతు ఎందుకు మారలేదని టెన్షన్ పడటం ఈ వ్యాపకంలో చాలా మామూలు.

ఆడియో దశలో మిగిలేది బుస. ఎఫ్ఎంలో డీమాడ్యులేటర్ నుంచి వచ్చే నాయిస్ పౌనఃపున్యం పెరిగేకొద్దీ పెరుగుతుంది, అందుకే అది గుయ్ మని కాకుండా సుస్ మని వినిపిస్తుంది. దీన్ని అణచడానికే పంపేచోట మాటలోని పై భాగాన్ని పెంచి పంపి, వినేచోట అంతే తగ్గించే పద్ధతి పెట్టారు. ఆ తగ్గించడాన్ని డీఎంఫసిస్ అంటారు. ప్రోగ్రామ్‌లో ఇది ఆపి ఉంటే గొంతు రేకు డబ్బాలో పలికినట్టు పదునుగా ఉండి బుస ఎక్కువవుతుంది. ఆ సెట్టింగ్ లేని ప్రోగ్రామ్‌లో 3, 4 కిలోహెర్ట్జ్ పైన కోసేసే ఆడియో ఫిల్టర్ కొంతవరకు అదే పని చేస్తుంది. నాయిస్ రిడక్షన్‌ను ఆఖరి అస్త్రంగానే ఉంచుకోవాలి. కంప్యూటర్ గొంతు అసలే యాంత్రికంగా ఉంటుంది, దాని మీద నాయిస్ రిడక్షన్ గట్టిగా పనిచేస్తే ఊళ్ల పేర్లు, అంకెలు కలిసిపోయి నీళ్లలో మాట్లాడినట్టవుతుంది.

సిగ్నల్ తగ్గగానే ఆడియోను ఆపేసే స్క్వెల్చ్ ఈ ప్రసారానికి అక్కర్లేదు. అది ఎప్పుడో ఒకసారి మాట్లాడే చానళ్లలో మధ్య నిశ్శబ్దాన్ని కాపాడటానికి ఉంది. ఇక్కడ ప్రసారం ఆగడమే ఉండదు. స్క్వెల్చ్ ఉంచితే సిగ్నల్ కాస్త తగ్గిన ప్రతిసారీ వాక్యం మధ్యలో తెగుతుంది.

ఇది హెచ్చరికల దగ్గర మరీ ముఖ్యం. తుపాను, టోర్నడో లాంటివి వచ్చినప్పుడు గొంతుకు ముందు సేమ్ అనే డిజిటల్ సందేశం వస్తుంది. 2083.3, 1562.5 హెర్ట్జ్ స్వరాలను సెకనుకు 520.83 బిట్ల వేగంతో మారుస్తూ ఏ ప్రమాదం, ఏ కౌంటీకి (మన జిల్లా లాంటిది), ఎంతసేపు అన్నది పంపుతారు. తప్పులు దిద్దుకునే వీలుండాలని అదే సందేశాన్ని 3 సార్లు పంపుతారు. తర్వాత 1050 హెర్ట్జ్ మోత, ఆపైన మాట. మల్టీమాన్ ఎన్‌జీ లాంటి ప్రోగ్రామ్‌కు ఆడియోను అందిస్తే ఆ కోడ్‌ను చదివి చూపిస్తుంది. దానికిచ్చే ఆడియోలో స్క్వెల్చ్, నాయిస్ రిడక్షన్ రెండూ ఉండకూడదు, వాల్యూమ్ అంచులు తెగేంత ఎక్కువ కాకూడదు. చెవికి ఇంపుగా ఉండేలా చేసిన మార్పులే డీకోడర్‌ను తికమక పెడతాయి. వారానికోసారి, సాధారణంగా బుధవారం, వచ్చే పరీక్షా సందేశంతో ఈ ఏర్పాటు పనిచేస్తోందో లేదో చూసుకోవచ్చు.

ఇంత చేసినా బుస తగ్గకపోతే సమస్య సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఎఫ్ఎంకు ఒక గడప ఉంది. ఫిల్టర్ లోపల సిగ్నల్ నాయిస్ కన్నా సుమారు 10 డెసిబెళ్లు పైన ఉన్నంతవరకు గొంతు తేటగా ఉంటుంది, అంతకన్నా దిగితే చిటపటలు మొదలై చూస్తుండగానే మాట మునిగిపోతుంది. గడప దగ్గర ఉన్న సిగ్నల్‌కు యాంటెన్నాలో వచ్చే 3 డెసిబెళ్ల లాభం ఏ సెట్టింగూ ఇవ్వలేదు. వెదర్ రేడియో సిగ్నల్ నిలువు ధ్రువణంలో వస్తుంది, కాబట్టి యాంటెన్నా కూడా నిలువుగానే ఉండాలి. 162.5 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం లెక్కన ఒక్కో కడ్డీ సుమారు 44 నుంచి 46 సెంటీమీటర్లు. రెండు కడ్డీల యాంటెన్నా అయిన డైపోల్‌ను ఈ పొడవుకు లాగి కిటికీ దగ్గర నిలబెడితే, డాంగిల్‌తో వచ్చే పొట్టి యాంటెన్నాను బల్ల మీద వదిలేసినదానికీ దీనికీ పోలికే ఉండదు. డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కు అంటించకుండా యూఎస్‌బీ కేబుల్‌తో దూరం జరపడం, దగ్గర్లోని చార్జర్లు, ఎల్ఈడీ దీపాలు ఒక్కొక్కటే ఆపి నాయిస్ పడుతుందేమో చూడటం కూడా ఇందులో భాగమే.

ఒక ట్రాన్స్‌మిటర్ పరిధి సుమారు 40 మైళ్లు. రెండు ట్రాన్స్‌మిటర్ల మధ్యలో ఉండి, రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద వస్తుంటే ఎఫ్ఎంలో బలమైనదే నెగ్గుతుంది. బలాలు దాదాపు సమానమైతే ఒకసారి ఒక ఊరి సమాచారం, ఇంకోసారి మరో ఊరిది వస్తుంది. దీనికి సెట్టింగుల్లో మందు లేదు, ఒక వైపు నుంచే ఎక్కువగా పట్టే యాగీ యాంటెన్నాను కావాల్సిన వైపు తిప్పడమే దిక్కు. మిగతా 6 చానళ్లలో ఇంకో స్టేషన్ తేటగా వస్తోందేమో చూసుకోవడం అంతకన్నా తేలిక. అయితే అది సొంత కౌంటీ హెచ్చరికలు ఇస్తుందో లేదో ముందు తెలుసుకోవాలి.

నోవా పేరుతో వెతికితే దొరికే పాత సలహాల్లో చాలావరకు 137 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలు పంపిన ఉపగ్రహాల గురించినవి. వాటికి 35, 40 కిలోహెర్ట్జ్ ఫిల్టర్ కావాల్సి వచ్చేది, యాంటెన్నా అడ్డంగా పరచాల్సి వచ్చేది. ఆ వరుసలో మిగిలిన నోవా 15, 18, 19 ఉపగ్రహాల సేవ 2025లో ముగిసింది. ఆ అంకెల్ని తెచ్చి ఈ గొంతు ప్రసారానికి వేస్తే పనిచేయవు.

హెచ్చరికల కోసం దీన్ని రాత్రంతా నడిపేవాళ్లు కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లకుండా, తనంతట తాను రీస్టార్ట్ అవకుండా ఆపుకోవాలి. తుపాను రాత్రి కరెంటు పోతే డాంగిల్ కూడా ఆగిపోతుంది కాబట్టి బ్యాటరీతో నడిచే వెదర్ రిసీవర్ ఒకటి పక్కన ఉండి తీరాలి. యాంటెన్నా గానీ కేబుల్ గానీ మార్చిన రోజున గెయిన్‌ను మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. ఫిల్టర్ వెడల్పును మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.